గెలుపు ముందే తెలిసిన ఫైట్‌ని ఎందుకు చూస్తారు? ‘వన్ పంచ్ మ్యాన్’ ప్రేక్షకుల వాదనలు

‘వన్ పంచ్ మ్యాన్’ అనే అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఒక సీన్ ఉంది. భూమి కింద కట్టిన పెద్ద హాల్లో కార్నేజ్ కబుటో అనే రాక్షసుడు నిలబడి ఉంటాడు. మన కొబ్బరి తోటల్లో కనిపించే కొమ్ము పురుగును మనిషి ఆకారంలో పెంచితే ఎలా ఉంటుందో అలా ఉంటాడు. వాడిని తయారుచేసిన శాస్త్రవేత్తే భయపడి బంధించి పెట్టుకున్నాడు. జెనోస్ అనే సైబోర్గ్ (సగం మనిషి, సగం యంత్రం) కుర్రాడిని ఈ రాక్షసుడు అప్పటికే చితక్కొట్టేశాడు. ఎదురుగా కథానాయకుడు సైతామా. బట్టతల, పసుపు డ్రెస్సు, ఎర్ర గ్లవ్స్, తెల్లటి కేప్, ముఖంలో ఏ భావమూ లేదు. రాక్షసుడు ఒళ్లు ఉబ్బించి, రంగు మారి, ఇక తనకు ఒళ్లు తెలియదనీ, వచ్చే శనివారం దాకా కనబడినవాళ్లనల్లా చంపుతూనే ఉంటాననీ అరుస్తాడు. దెబ్బ మీద దెబ్బ వేస్తాడు. సైతామా బంతిలా ఎగిరి పడుతుంటాడు కానీ ఆలోచన ఎక్కడో ఉంది. ఉన్నట్టుండి ముఖం మారిపోతుంది. వచ్చే శనివారం దాకా అన్నాడంటే ఈరోజు శనివారం. శనివారం అంటే సూపర్‌మార్కెట్‌లో తగ్గింపు ధరల రోజు. ఆ బాధంతా ఒకే ఒక్క గుద్దులో బయటికొస్తుంది. ఇక రాక్షసుడు లేడు.

ఇది చూసి పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లు ఉన్నారు. ‘మళ్లీ ఒక్క గుద్దేనా’ అని సిరీస్‌ని అక్కడితో ఆపేసినవాళ్లూ ఉన్నారు. ఇంకొందరికి ఇందులో నవ్వు కన్నా దిగులే ఎక్కువ కనిపించింది. ప్రాణం తీసే ఫైట్ మధ్యలో ఏమీ అనిపించని మనిషికి, సేల్ మిస్సయిందంటే గుండె ఆగినంత పనైంది. 2015లో టీవీలో మొదలైన దగ్గర్నుంచి ఈ అనిమే మీద జరిగే వాదనలన్నీ తిరిగి తిరిగి ఇలాంటి సీన్ల దగ్గరికే వస్తాయి. హీరో గెలుస్తాడని మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేసిన కథలో చూడటానికి ఇంకేం మిగులుతుంది?

ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలిస్తే వాదన సగం తేలికపడుతుంది. ‘వన్’ అనే కలం పేరుతో రాసే జపాన్ రచయిత 2009లో దీన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టడం మొదలుపెట్టాడు. బొమ్మలు వేయడంలో శిక్షణ పొందిన చెయ్యి కాదు. గీతలు వంకరగా, ముఖాలు గుడ్డులా ఉండేవి. అయినా 2012 జూన్ నాటికి ఆ కామిక్‌కు 79 లక్షలకు పైగా హిట్లు వచ్చాయి. అమెరికన్ ఫుట్‌బాల్ కథ ‘ఐషీల్డ్ 21’కు బొమ్మలు వేసి అప్పటికే పేరు తెచ్చుకున్న యూసుకే మురాతా దీన్ని చదివి ముచ్చటపడి, తానే ఆ రచయితను సంప్రదించాడు. అదే ఏడాది మురాతా బొమ్మలతో మాంగా, అంటే జపాన్ కామిక్, మొదలైంది. అనిమే ఆ మాంగాని ఆధారం చేసుకున్నదే.

పేరులోనే ఒక జోక్ ఉంది. అది జపాన్ బయటి ప్రేక్షకుల్లో చాలామందికి అందదు. జపాన్ పిల్లలందరికీ తెలిసిన హీరో ‘అన్‌పన్‌మన్’. తీపి పప్పు ముద్ద పెట్టిన బన్నుని అక్కడ ‘అన్‌పన్’ అంటారు. ఈ హీరో తలకాయే ఆ బన్ను. ఆకలితో ఉన్నవాళ్లు కనిపిస్తే తన తల తుంచి పెడతాడు. 1988 నుంచి టీవీలో వస్తున్నాడు. ‘అన్‌పన్‌మన్’లో ఒక్క అక్షరం మారిస్తే ‘వన్‌పన్‌మన్’, అంటే ఒక్క పంచ్ మనిషి. అదే గుండ్రటి తల, అదే గ్లవ్స్, అదే కేప్. ఇక సైతామా అన్నది టోక్యో పక్కనే ఉన్న ఒక ప్రిఫెక్చర్ (జిల్లాలాంటి పాలనా ప్రాంతం) పేరు. ఒక రాక్షస సంహారకుడికి మన దగ్గర రంగారెడ్డి జిల్లా పేరు పెట్టినట్టు. అంటే రచయిత మొదటి నుంచీ ఈ హీరోని గొప్పవాడిగా కాక, పక్కింటి మనిషిగా ఊహించాడు. చూసేవాడు ఏ వర్గంలో ఉన్నా ఈ సంగతి మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

అసలు సెటప్ ఎంత వింతగా ఉంటుందో కూడా చెప్పుకోవాలి. ఉద్యోగం దొరక్క తిరుగుతున్న ఓ కుర్రాడు, ఒకరోజు పీత ఆకారంలో ఉన్న రాక్షసుడి నుంచి ఒక పిల్లాడిని కాపాడి, తాను హీరో అవ్వాలని నిర్ణయించుకుంటాడు. మూడేళ్లు రోజూ 100 పుషప్‌లు, 100 సిటప్‌లు, 100 గుంజీలు, 10 కిలోమీటర్ల పరుగు. మూడు పూటలా తిండి మానకూడదు. ఎండాకాలమైనా చలికాలమైనా ఏసీ ముట్టుకోకూడదు. ఇంతే. జుట్టంతా ఊడిపోయింది, ఎవరినైనా ఒక్క గుద్దుతో చంపే బలం వచ్చింది. ఈ మాట విన్న జెనోస్ కోపం ఆపుకోలేక, అది మామూలు కసరత్తు తప్ప ఇంకేం కాదని అరుస్తాడు. సాధారణంగా ఇలాంటి కథల్లో హీరో బలం వెనుక రక్త సంబంధమో, దేవుడి వరమో, చనిపోయిన గురువో ఉంటారు. ఇక్కడ జిమ్‌కి కొత్తగా వెళ్లినవాడి లిస్టు ఉంది. చూసినవాళ్లలో కొందరు దీన్ని నిజంగానే పట్టుకుని, అదే కసరత్తు నెలల తరబడి చేసి వీడియోలు పెట్టారు. రోజూ విశ్రాంతి లేకుండా అవే కండరాల మీద భారం వేయడం మంచిది కాదని తెలిసినవాళ్లు చెబుతూనే ఉన్నారు. నవ్వు కోసం రాసిన ఒక లైన్ అంత దూరం వెళ్లిందంటే, అందులో ఎవరైనా చేయగలిగేదేదో ఉందని జనానికి అనిపించబట్టే.

ఇప్పుడు గట్టి అభ్యంతరం దగ్గరికి వద్దాం. ఇది ఒకే జోక్, దాన్ని పన్నెండు ఎపిసోడ్లు లాగారు అనేవాళ్ల మాటను కొట్టిపారేయడానికి లేదు. కొత్త రాక్షసుడు వస్తాడు, తన గొప్ప చెప్పుకుంటాడు, ఊరు కూలుస్తాడు, సైతామా వస్తాడు, ఒక్క గుద్దు, అయిపోయింది. ఈ వరుస మూడుసార్లు చూశాక నాలుగోసారి ఏం జరుగుతుందో పసిపిల్లాడైనా చెబుతాడు. టెన్షన్ లేని యాక్షన్ కథ ఎందుకు అని వాళ్లు అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది.

కానీ ఆ నాలుగోసారి జరిగేదేంటో నిదానంగా చూస్తే లెక్క మారుతుంది. ఈ కథ ‘ఎవరు గెలుస్తారు’ అనే ప్రశ్నను పక్కన పెట్టేసి, ప్రతిసారీ వేరే ప్రశ్న పెడుతుంది. రెండో ఎపిసోడ్‌లో ఒక దోమను కొట్టలేక సైతామా తిప్పలు పడుతుంటే, మనిషంత ఉన్న దోమ రాక్షసిని మాత్రం ఒక్క చెంపదెబ్బకు గోడకు అంటిస్తాడు. అక్కడ ప్రశ్న బలం గురించి కాదు, ఏది నిజంగా చిరాకు పెడుతుంది అన్నది. హీరోల సంఘం పరీక్షలో శరీర దారుఢ్యానికి పూర్తి మార్కులు తెచ్చుకుని, రాత పరీక్షలో దెబ్బతిని, 71 మార్కులతో గట్టెక్కి అట్టడుగు సి క్లాస్‌లో పడతాడు. అతని శిష్యుడిగా చేరాలనుకున్న జెనోస్‌కు మాత్రం నేరుగా పై మెట్టు ఎస్ క్లాస్. ఇక్కడ ప్రశ్న ఎవరు గుర్తిస్తారు అన్నది. ఏడో ఎపిసోడ్‌లో ఊరి మీద పడబోతున్న ఉల్కను గాల్లోనే పగలగొడతాడు. ముక్కలు పడి ఇళ్లు కూలాయని జనం అతన్నే తిడతారు. జనం ప్రాణాలతో ఉన్నారు కాబట్టే తిట్టగలుగుతున్నారన్న సంగతి ఎవరికీ తట్టదు. సైతామా వాళ్ల ముఖం మీదే చెప్పేస్తాడు, మీ పొగడ్తల కోసం నేను హీరో పని చేయడం లేదు, నాకు చేయాలనిపించి చేస్తున్నాను అని. రాక్షసులకు లొంగని మనిషిని జనం మాట నొప్పించగలదా అన్నది ఆ ఎపిసోడ్ అసలు ప్రశ్న. నొప్పించినా అతని దారి మారదన్నది దాని జవాబు.

ఇలా గుద్దు మారదు, దాని చుట్టూ ఉన్న లోకం మారుతుంది. ఒకే పాట పల్లవి ప్రతిసారీ అదే, చరణం వేరు. ఒకే జోక్ అన్నవాళ్లు పల్లవిని మాత్రమే లెక్కపెడుతున్నారు.

ఎనిమిది, తొమ్మిది ఎపిసోడ్లు దీనికి పెద్ద సాక్ష్యం. సముద్రపు రాజు అనే రాక్షసుడు జనం తలదాచుకున్న షెల్టర్‌లోకి చొరబడతాడు. జెనోస్ కరిగి సగమైపోతాడు. అప్పుడు సైకిల్ మీద మూమెన్ రైడర్ వస్తాడు. అతనికి ఏ శక్తీ లేదు. హెల్మెట్, గాగుల్స్, ఒక సైకిల్, అంతే. సి క్లాస్‌లో మొదటి ర్యాంకు. రాక్షసుడు ఒక్క విదిలింపుకు పడేస్తాడు, మళ్లీ లేస్తాడు. తాను గెలవలేనని తనకే అందరికన్నా బాగా తెలుసంటాడు. గెలుస్తానా ఓడతానా అన్నది కాదు, ఇప్పుడు ఇక్కడ నీ ఎదుట నిలబడాల్సింది నేనే అంటాడు. వర్షం కురుస్తూనే ఉంటుంది. షెల్టర్‌లో ఉన్నవాళ్లు అప్పటిదాకా నోరు మెదపలేదు, ఇప్పుడు అతని పేరు పిలుస్తూ గొంతు చించుకుంటారు. అయినా అతను పడిపోతాడు. నేలకు తగలకముందే ఒక చేయి పట్టుకుంటుంది. సైతామా. బాగా పోరాడావని ఒక్క మాట అంటాడు, పక్కన పడుకోబెడతాడు, లేచి ఒక్క గుద్దు. రాక్షసుడి ఒంట్లో పెద్ద రంధ్రం, పైన మబ్బులు చెదిరి వర్షం ఆగిపోతుంది.

చాలా కథలు అక్కడితో ఆగిపోయేవి. ఇక్కడ అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. గుంపులో ఒకడు నోరు తెరిచి, ఒక్క గుద్దుకే చచ్చాడంటే ఆ రాక్షసుడు అంత గొప్పవాడేం కాదేమో, ముందు ఓడిపోయిన హీరోలే చేతకానివాళ్లేమో అంటాడు. ప్రాణం కాపాడిన మనుషుల మీద ఇంత మాట. సైతామా పెద్దగా నవ్వి, మిగతా హీరోలు వాడిని ముందే నీరసపరిచారు, చివర్లో వచ్చి ఆ పుణ్యం నేను కొట్టేశాను, ఈ సంగతి ఎవరికీ చెప్పకండి అన్నట్టు మాట్లాడతాడు. దెబ్బతిన్నవాళ్ల పరువు నిలబెట్టడానికి తన పేరును తానే మసి చేసుకుంటాడు. ఈ సీన్ చూసి కూడా సైతామాకు మనసు లేదనీ, ఇది ఉత్త కామెడీ అనీ అనేవాళ్లతో ఏకీభవించడం కష్టం. ఎపిసోడ్ చివర రోడ్డు పక్క బండి దగ్గర, ఒళ్లంతా కట్లతో ఉన్న మూమెన్ రైడర్ అతనికి ధన్యవాదాలు చెప్పి, ఓడెన్ అనే జపాన్ వంటకం తినిపిస్తాడు. ఈ అనిమేలో అందరికన్నా ఎక్కువ ప్రేమ సంపాదించుకున్న పాత్రల్లో మూమెన్ రైడర్ ఒకడు కావడానికి ఈ ఎపిసోడే కారణం. ఒక్క గుద్దు హీరో కథలో జనం గుండెకు హత్తుకున్నది, ఒక్క గుద్దు కూడా సరిగ్గా తగిలించలేనివాడు.

ఇక దిగులు వర్గం. వీళ్ల దృష్టిలో ఇది డిప్రెషన్ గురించిన కథ. మొదటి ఎపిసోడ్‌లోనే సైతామా తన బాధ తానే చెప్పుకుంటాడు: బలం పెరిగేకొద్దీ భయం, ఉద్వేగం, కోపం, సంతోషం అన్నీ పలచబడుతూ వచ్చాయని. అదే ఎపిసోడ్‌లో అతనికో కల వస్తుంది. భూమి కింది నుంచి వచ్చిన సేన, ఇల్లు కూలిపోవడం, ఒళ్లంతా రక్తం, గుండె దడ. ఎన్నాళ్లకో అసలైన పోరాటం దొరికిందని కలలోనే ఉత్సాహపడతాడు. అలారం మోగుతుంది. నిజంగానే వచ్చిన ఆ సేన అతని ఒక్క దెబ్బ చూసి, జెండా ఊపుకుంటూ నేలలోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత అతని ముఖం మీద కనిపించే ఖాళీని, కోరుకున్నది దొరికాక ఏం చేయాలో తెలియని ప్రతి మనిషీ గుర్తుపడతాడు. మంచి ర్యాంకు వచ్చి, ఉద్యోగమూ వచ్చాక ‘ఇంతేనా’ అనిపించిన వయసులో చూసినవాళ్లకు ఇది బాగా తగులుతుంది. ఈ వర్గం చెప్పేది నిజమే. అయితే దీన్ని పూర్తిగా విషాద కథగా చదివితే మాత్రం ఏదో జారిపోతుంది. సైతామా హీరో పనిని సరదా కోసం చేస్తానని పరిచయం చేసుకుంటాడు. విసుగు ఉన్నా పని మానడు. సేల్‌కి వెళతాడు, వంట చేసుకుంటాడు, శిష్యుడి ఉపన్యాసం వింటాడు, దాన్ని ఇరవై అక్షరాల్లోకి కుదించి చెప్పమని గదమాయిస్తాడు. రోజువారీ జీవితం అతన్ని నిలబెడుతోంది.

ఆ ఉపన్యాసం సీన్ గురించి చిన్న పక్కమాట. జపాన్‌లో ‘మన్‌జాయ్’ అనే ఇద్దరు మనుషుల హాస్య ప్రదర్శన ఉంది. ఒకడు అర్థంపర్థం లేకుండా మాట్లాడతాడు, రెండోవాడు వాడిని ఎక్కడికక్కడ పట్టుకుని సరిచేస్తాడు. సైతామా, జెనోస్ మధ్య నడిచేది అచ్చంగా ఇదే. ఎవరు ఏ పాత్రలో ఉన్నారన్నది మాత్రం నిమిషానికోసారి తారుమారవుతుంది. గంభీరంగా తన పగ కథ చెప్పే జెనోస్ ఇక్కడ వెర్రివాడు, విసిగిపోయిన సైతామా తెలివైనవాడు. కసరత్తు లిస్టు చెప్పేటప్పుడు సైతామా వెర్రివాడు. సైతామాకు గొంతు ఇచ్చిన మకోతో ఫురుకావా నీరసం నిండిన మామూలు గొంతును, గుద్దేముందు వచ్చే లోతైన గొంతును ఒక్క ఊపిరిలో మార్చగలడు. డబ్బింగ్‌లో కాక జపనీస్‌లో సబ్‌టైటిల్స్‌తో చూడాలని చాలామంది పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు అందరికన్నా గట్టిగా వినిపించే గొడవకు వద్దాం: బొమ్మల నాణ్యత. మొదటి సీజన్‌ను 2015 అక్టోబర్‌లో మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది, డైరెక్టర్ షింగో నత్సుమే. రెండో సీజన్ 2019 ఏప్రిల్‌లో వచ్చింది, స్టూడియో మారి జె.సి.స్టాఫ్ అయింది, డైరెక్టర్ చికారా సకురాయ్. ఆరేళ్ల తర్వాత 2025 అక్టోబర్‌లో మూడో సీజన్ అదే జె.సి.స్టాఫ్ నుంచి వచ్చింది. మొదటిదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. రెండోదాన్ని చూసి పెదవి విరిచారు, జెనోస్ ఇనుప చేతుల మీద అంటించినట్టుండే మెరుపులు, ఫైట్లలో బొమ్మ బదులు కెమెరా ఊపడం వాళ్లకు రుచించలేదు. మూడోదాని మీద మాత్రం కోపం కట్టలు తెంచుకుంది. కదలాల్సిన చోట నిలిచిపోయిన బొమ్మలు, వాలు మీద నుంచి దిగే మనిషి కాళ్లు కదలకుండా జారిపోతున్నట్టు కనిపించే షాట్లు, ఇవన్నీ క్లిప్పులుగా ప్రపంచమంతా తిరిగాయి.

దీన్ని చూసి ‘అనిమే అంటే కథ ముఖ్యం, బొమ్మలకు ఇంత గోలెందుకు’ అన్నవాళ్లున్నారు. ఇంకే కథ విషయంలోనైనా ఆ మాటకు బలం ఉండేదేమో. ఇక్కడ లేదు. ఈ అనిమేలో జోక్ పేలాలంటే ముందు అబద్ధం నిజంలా కనిపించాలి. రాక్షసుడు నిజంగా భయపెట్టాలి, భవనాలు నిజంగా బరువుగా కూలాలి, జెనోస్ మంటలకు తెర వేడెక్కాలి. ఆ బిల్డప్ అంతా ప్రాణం పెట్టి వేసినప్పుడే, గుడ్డులాంటి ముఖం వచ్చి ‘ఆహా, అలాగా’ అన్నప్పుడు నవ్వు వస్తుంది. బిల్డప్ నీరసంగా ఉంటే, దాన్ని కూల్చే గుద్దుకు కూల్చడానికి ఏమీ ఉండదు. బొమ్మలు బాగా లేవన్న ఫిర్యాదు, లోపల చూస్తే, నవ్వు రావడం లేదన్న ఫిర్యాదే. యాక్షన్ కోసం చూసేవాళ్లు, కామెడీ కోసం చూసేవాళ్లు వేర్వేరు జట్లని అనుకుంటాం కానీ ఈ సిరీస్‌లో ఇద్దరి ప్రాణమూ ఒకే చోట ఉంది.

దీనికి ఒక మంచి ఎదురు ప్రశ్న ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. అసలు వెబ్ కామిక్‌లో బొమ్మలు అంత వంకరగా ఉన్నా లక్షల మంది ఎలా నవ్వారు? కారణం, అక్కడ రాక్షసుడూ వంకరే, హీరోయూ వంకరే. గొప్పగా ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. చదివేవాడు తన ఊహతో బరువు నింపుకుంటాడు, టైమింగ్ అంతా ఒక గడి నుంచి ఇంకో గడికి దూకడంలో ఉంటుంది. మురాతా వచ్చి ఆ మాట ఇచ్చాడు. ఒక్క కదలికను వరుసగా ఎన్నో పేజీల్లో గీసి, తెర మీద పేజీలు తిప్పుతుంటే బొమ్మ కదులుతున్నట్టే ఉండేలా చేశాడు. మొదటి సీజన్ ఆ మాటను నిలబెట్టుకుంది. ఇచ్చిన మాట నిలవనప్పుడే మూడో సీజన్‌లో అంత బాధ కలిగింది. వంకర బొమ్మకు ఎవరికీ అభ్యంతరం లేదు, అరకొర బొమ్మకే అభ్యంతరం.

రెండో సీజన్‌లో కింగ్ ఎపిసోడ్ ఎందుకు బాగా పేలిందో కూడా దీంతోనే అర్థమవుతుంది. కింగ్ ఎస్ క్లాస్ హీరో, లోకంలోకెల్లా బలవంతుడని పేరు. అతను నిలబడితే ఛాతీలోంచి ఇంజన్ మోతలాంటి శబ్దం వస్తుంది, రాక్షసులు దానికే హడలిపోతారు. నిజానికి అతను వీడియో గేములు ఆడుకునే మామూలు మనిషి. ఆ మోత భయంతో కొట్టుకుంటున్న అతని గుండె. సైతామా చంపిన రాక్షసుల పక్కన ప్రతిసారీ అతనే నిలబడి ఉండటంతో ఆ పేరంతా అతనికి వచ్చింది. ఈ కథకు గొప్ప ఫైట్ అవసరం లేదు. ముఖం, నిశ్శబ్దం, ఆ గుండె చప్పుడు చాలు. కాబట్టే బొమ్మలు తగ్గినా అది నిలబడింది. చిన్నప్పటి నుంచి కథల్లో రాక్షసుడే ఓడిపోవడం చూసి కడుపు మండి, రాక్షసుల పక్షాన నిలిచిన గారో కథకు మాత్రం ఒళ్లు గగుర్పొడిచే ఫైట్లు కావాలి. ఆ లోటు అక్కడ బాగా తెలిసింది.

మొదటి సీజన్ అంత బాగుండటానికి డబ్బే కారణమన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది. అది సగం కూడా నిజం కాదు. జపాన్‌లో టీవీ అనిమేకు ఎక్కువగా ప్రచురణ సంస్థలు, సంగీత కంపెనీలు, టీవీ వాళ్లు కలిసి కమిటీగా డబ్బు పెడతారు. స్టూడియో ఆ పనికి ఒప్పుకున్న మొత్తం తీసుకుంటుంది. మంచి యానిమేటర్లలో చాలామంది ఏ స్టూడియోకూ చెందని ఫ్రీలాన్సర్లు, షాట్ లెక్కన పని చేస్తారు. వాళ్లు ఎవరి పిలుపుకు వస్తారన్నది పరిచయాల మీదా, ఆ పని మీద వాళ్లకున్న ఇష్టం మీదా, ముఖ్యంగా టైమ్ ఉందా లేదా అన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది. మొదటి సీజన్‌కు నత్సుమే, క్యారెక్టర్ డిజైన్లు చేసిన చికాషి కుబోతా చుట్టూ అలాంటివాళ్లు పెద్ద సంఖ్యలో చేరారు. ఆ కూటమి మళ్లీ కుదరలేదు. స్టూడియో పేరు మారడం ఒక్కటే కారణం అనుకోవడం తప్పు. అన్నిటికన్నా పెద్ద తప్పు, మూడో సీజన్‌కు పనిచేసిన మనుషులను పేరుపేరునా తిట్టడం. గడువులు నిర్ణయించేది బొమ్మ వేసేవాడు కాదు. ఒక ఏడాదిలో ఎన్ని పనులు ఒప్పుకోవాలో నిర్ణయించేదీ అతను కాదు. కష్టపడ్డ హీరోల మీద గుంపులో ఒకడు నోరు పారేసుకున్న ఆ తొమ్మిదో ఎపిసోడ్‌ని ఇష్టపడే అభిమానులే ఈ పని చేయడం చూస్తే మనసు కష్టంగా ఉంటుంది.

‘డ్రాగన్ బాల్’ అనిమే హీరో గోకూ గొప్పా, సైతామా గొప్పా అనే వాదన ఇక్కడ ఎక్కువసేపు ఆగాల్సింది కాదు. సైతామా బలానికి కొలత పెట్టకపోవడమే ఈ కథకు పునాది. కొలత పెట్టిన క్షణం కథ కూలిపోతుంది. వినాల్సిన విమర్శ వేరే ఉంది. పురిపురి ప్రిజనర్ అనే పాత్ర ఒక స్వలింగ సంపర్కుడు. అతన్ని మగవాళ్ల మీద పడేవాడిగా, జైలు పక్షిగా చూపించి నవ్వించాలనుకోవడం చాలామందిని నొప్పించింది. ఆ నొప్పి న్యాయమైనదే. అన్ని మూస పాత్రలనూ తలకిందులు చేసిన కథ, ఈ ఒక్క మూసను మాత్రం ఏమీ చేయకుండా వాడుకుంది.

తెలుగు ప్రేక్షకులకు ఈ అనిమే తొందరగా పట్టుబడటానికి ఒక కారణం కనిపిస్తుంది. గెలుపు ముందే తెలిసిన ఫైట్‌ని ఈలలు వేస్తూ చూడటం మనకు కొత్త కాదు. మాస్ సినిమాలో హీరో ఓడిపోతాడేమోనని ఎవరూ టికెట్ కొనరు. వచ్చే తీరు, నడక, దుమ్ము, వెనుక మోగే సంగీతం, విలన్ ముఖంలో మారే రంగు, వీటి కోసం వెళతారు. దానికి ‘ఎలివేషన్’ అనే మాట కూడా మనమే వాడుకలోకి తెచ్చుకున్నాం. ఈ అనిమే ఆ ఎలివేషన్ సరంజామా మొత్తాన్ని విలన్‌కు ఇచ్చేస్తుంది. బిరుదు, ఫ్లాష్‌బ్యాక్, స్లో మోషన్, సంగీతం అన్నీ వాడికే. హీరో సంచిలో ఉల్లికాడలతో వస్తాడు. ఎలివేషన్ అంటే ఏంటో ఒంటికి పట్టినవాడికే, దాన్ని తీసేస్తే వచ్చే నవ్వు పూర్తిగా తెలుస్తుంది.

ఈ వర్గాలన్నీ ఒకే సీన్ దగ్గర కలిసే చోటు మొదటి సీజన్ పన్నెండో ఎపిసోడ్. అంతరిక్ష దొంగల నాయకుడు బోరోస్, తనకు సరిజోడు దొరుకుతాడన్న జోస్యం పట్టుకుని ఇరవై ఏళ్లు ప్రయాణం చేసి భూమికి వస్తాడు. అతనిదీ సైతామా జబ్బే, విసుగు. ఒక్క తన్నుకు సైతామా చంద్రుడి మీద పడతాడు. అక్కడి నుంచి ఊపిరి బిగబట్టి ఎగిరి తిరిగొస్తాడు. బోరోస్ తన చివరి శక్తినంతా ఒక్కచోట చేర్చి వదులుతాడు. సైతామా ‘సీరియస్ పంచ్’ అంటాడు, గుద్దుతాడు, భూమి మీది మేఘాలు రెండుగా చీలిపోతాయి. యాక్షన్ కోసం వచ్చినవాళ్లు ఆ రెండు నిమిషాలను ఇప్పటికీ ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూస్తుంటారు.

ఆ తర్వాత ముక్కలైపోయిన బోరోస్ ఇంకా మాట్లాడుతుంటాడు. జోస్యం నిజమైంది, సమానంగా పోరాడాం అంటాడు. సైతామా అవునంటాడు. బోరోస్ ఒప్పుకోడు. అబద్ధం, నీకింకా బోలెడంత మిగిలి ఉంది, నేనసలు నీకు పోటీయే కాలేదు, నువ్వు మరీ బలవంతుడివి సైతామా అంటూ కన్నుమూస్తాడు. సైతామా ముఖం అప్పుడు గుడ్డులా ఉండదు, హీరోలా గంభీరంగానూ ఉండదు. పగిలిన ఓడలో, అతని పక్కన, ఏమీ అనకుండా నిలబడి ఉంటాడు.